పడవ దిగుతూ పడితే ‘ఇంట్లో పడ్డారు’ అని ఎందుకు రాయించారు?

ప్రశ్న: ఇంటిల్లిపాదీ సరస్సులో బోటు షికారుకు వెళ్లాం. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. నీళ్ల మధ్యలో ఇంజిన్ ఆగిపోయి అరగంట నరకం చూశాం. తిరిగొచ్చి దిగుతుంటే 64 ఏళ్ల మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు. బిల్లులన్నీ ఇస్తామన్న మేనేజరు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. 22 నెలలైంది. అతని మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? పోలీసుల గొడవ ఎందుకని ఆసుపత్రిలో మా బావ ‘ఇంట్లో జారిపడ్డారు’ అని రాయించాడు. అక్కడ తెలిసిన డాక్టరు ఉన్నారు, ఆ మాట మార్పిస్తే సరిపోతుందా?

జవాబు: మీరు నాలుగు పేజీలు రాశారు. అందులో మూడు పేజీలు ఇంజిన్ ఆగిన అరగంట గురించే. పిల్లల ఏడుపు, చీకటి పడటం, డ్రైవర్ నిర్లక్ష్యం అన్నీ చదివాను. కానీ ఆ అరగంటలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. లైఫ్ జాకెట్ వేసుకుని ఉన్నా మీ అమ్మగారి తుంటి ఎముక విరిగేదే, ఎందుకంటే ఆవిడ పడింది నీళ్లలో కాదు, గట్టుకూ బోటుకూ మధ్య వేసిన చెక్క మీద. కాబట్టి ఆ రెండూ ఫిర్యాదులో ఒక్క పేరాలో వస్తాయి, అంతకుమించి బరువు మోయవు.

మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: ఆవిడ ఎక్కడ పడ్డారు? దానికి మీ దగ్గరున్న మొదటి కాగితమే మీకు ఎదురు తిరిగింది. రేపు బోటు కంపెనీ లాయరు లేచి ఆసుపత్రివాళ్లు రాసిన కేస్ షీట్‌లో ఆ ఒక్క లైను చదివి కూర్చుంటాడు, వేరే వాదన కూడా అక్కర్లేదు. పోలీసులు వస్తారన్న భయంతో ఆసుపత్రిలో అబద్ధం చెప్పడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఎముక విరిగి అమ్మ స్ట్రెచర్ మీద ఉంటే, అక్కడ నిలబడిన అయిదుగురిలో ఒక్కరికైనా ‘బోటు దిగుతూ పడింది’ అని నిజం చెప్పాలని తోచలేదా? మీ బావగారి మీద నాకేం కోపం లేదు గానీ, ఆ రోజు ఫారం నింపిన ఆ రెండు నిమిషాల ఖరీదు ఇప్పుడు మీరు కట్టాలి.

ఇక ఆ తెలిసిన డాక్టరుగారి సంగతి. ఆ పని చేయకండి, ఆయనతో ఫోన్‌లో కూడా ఆ మాట ఎత్తకండి. మెడిక్లెయిమ్ కోసం అదే కేస్ షీట్ నకలు ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లిందని మీరే రాశారు కదా. అంటే ఇక్కడ దిద్దితే అక్కడ పాతది అలాగే ఉంటుంది, అవతలివాళ్లు రెండూ తెప్పించి పక్కపక్కన పెడతారు. పరిహారం కోసం మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు, దాని విచారణను చట్టం న్యాయవిచారణగానే చూస్తుంది. అందులో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మీతోపాటు ఆ డాక్టరూ ఇరుక్కుంటారు. పైగా నిజంగా జరిగిన ప్రమాదం కాస్తా మీ చేతులారా కట్టుకథ అయిపోతుంది.

అసలు దిద్దాల్సిన అవసరమే లేదు. మీరు పంపిన ఫోటోల్లో నాలుగోది తీసి మళ్లీ చూడండి. అమ్మ నవ్వుతున్నారని పంపినట్టున్నారు. నేను చూసింది ఆవిడ వెనకాల ఉన్నదాన్ని: తడిసిన ఒంటి చెక్క, పక్కన పట్టుకోవడానికి కమ్మీ లేదు, బోటును ముందువైపు ఒక్క తాడుతో కట్టారు, వెనకవైపు వదిలేశారు. అలా కట్టిన బోటు మనిషి అడుగు వేయగానే వెనక్కి జరుగుతుంది. ఫోటో తీసిన సమయం సాయంత్రం 5:52. ఎక్స్‌రే మీద అదే తేదీ, రాత్రి 7:40. ఆ ఆసుపత్రి సరస్సు ఉన్న ఊళ్లోనే ఉంది, కేస్ షీట్ పైన రాసిన మీ ఇంటి చిరునామా అక్కడికి నాలుగు గంటల దూరం. 5:52కి బోటులో ఉన్న మనిషి ఇంటికెళ్లి పడి 7:40కి మళ్లీ ఆ ఊరి ఆసుపత్రిలో ఎలా తేలుతుంది? ‘ఇంట్లో’ అన్న మాట అబద్ధమని అదే కాగితం చెబుతోంది.

దీనికి బలంగా మీ బావగారి అఫిడవిట్ కావాలి. ఆ మాట చెప్పింది నేనే, ఫలానా భయంతో చెప్పాను అని ఆయన ఒప్పుకోవాలి. మొహమాటంగానే ఉంటుంది, తప్పదు. మీతో బోటులో వచ్చిన ఆ బయటి కుటుంబం దొరికితే వాళ్లదీ తీసుకోండి, బంధువుల మాట కంటే దానికి విలువెక్కువ. మేనేజరు వాట్సాప్‌లో పెట్టిన ‘అమ్మగారికి ఎలా ఉంది, బిల్లులు పంపండి’ అన్న మెసేజ్ బంగారం లాంటిది. కమిషన్‌లో సాక్ష్య నియమాలు సివిల్ కోర్టులో అంత బిగువుగా ఉండవు గానీ, స్క్రీన్‌షాట్ ప్రింటు మాత్రమే పట్టుకుని వెళ్లకండి. ఫోన్‌లాంటి వాటిలోని రికార్డును ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జత చేయించండి.

గడువు విషయానికొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. మీకు మిగిలింది రెండు నెలల లోపే. ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ మేనేజరు గడిపిన కాలమంతా మీ ఖాతాలోంచే పోయింది. లీగల్ నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. ఇవ్వాలనుకుంటే 15 రోజుల నోటీసు ఇవ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా ఫిర్యాదు మాత్రం రెండేళ్ల లోపు పడాలి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే దారి ఉంది కానీ, చేతిలో గడువు పెట్టుకుని దాని మీద ఆశ పెట్టుకోవడం తెలివితక్కువతనం.

చీటింగ్ కేసు నిలవదు. మాట తప్పినంత మాత్రాన మోసం కాదు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. వినియోగదారుల కమిషన్ చాలు. ఫిర్యాదుదారు మీరు కాదు, మీ అమ్మగారు. టికెట్ మీరు కొన్నా ఆ సేవ వాడుకున్నవాళ్లూ వినియోగదారులే. మీ ఊరి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. పరిహారం ఎంత అడిగినా, ఫిర్యాదు ఫీజు మాత్రం మీరు చెల్లించిన టికెట్ సొమ్మును బట్టే ఉంటుంది, అది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. టికెట్ మీద ఉన్న పేరు, మీ డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్లిందో ఆ పేరు, రేవు ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, అందరినీ మొదటే పార్టీలుగా చేర్చండి. గడువు దాటాక ఒకరిని కలపడం పెద్ద తలనొప్పి. ఇంజిన్‌తో నడిచే బోటు కాబట్టి ఇన్లాండ్ వెసల్స్ చట్టం 2021 కింద రిజిస్ట్రేషన్, సర్వే (బోటు తనిఖీ) సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ చూపమని కమిషన్ ద్వారా అడగాలి. పాలసీ ఉంటే ఆ బీమా కంపెనీ కూడా పార్టీయే. రేవు ప్రభుత్వానిదైతే ఈ కాగితాలకు ఇవాళే ఆర్‌టీఐ పెట్టండి, జవాబుకు 30 రోజులు పడుతుంది.

టికెట్ వెనక ‘ప్రమాదానికి యాజమాన్యం బాధ్యత వహించదు’ అని ఉందని భయపడుతున్నారు. అచ్చేసిన ఒక్క లైనుతో నిర్లక్ష్యం మాఫీ కాదు. అలాగని ఆ షరతునే రద్దు చేయమని జిల్లా కమిషన్‌లో అడగకండి, అన్యాయమైన ఒప్పందాల వివాదాలు రాష్ట్ర కమిషన్ పరిధి. మీరు సేవాలోపం దగ్గరే ఉండండి.

నోటీసు అందగానే మేనేజరు మళ్లీ ఫోన్ ఎత్తుతాడు చూడండి. కొంత సొమ్ము, ఒక కాగితం తెస్తాడు. ‘పూర్తిగా ముట్టింది, ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న మాట అందులో ఉంటే అమ్మగారి చేత సంతకం పెట్టించకండి.

ఇంకోటి, ఆ ఫోటోలు తీసిన పాత ఫోన్ మీ అబ్బాయి ఆటలకు ఇచ్చానని రాశారు. సాయంత్రానికల్లా వెనక్కి తీసుకోండి. నాకు వాట్సాప్‌లో పంపిన కాపీల్లో తీసిన సమయం వివరాలు ఉండవు, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో చూశాను కాబట్టి తెలిసింది. అసలు ఫైల్ ఆ ఫోన్‌లోనే ఉంది.