అమ్మకి షుగర్, చూపు మాత్రం బానే ఉంది, అయినా ఏటా కంటి పరీక్ష అవసరమా?

ఎనిమిదేళ్లుగా షుగర్ ఉన్నా అమ్మ పేపర్ చక్కగా చదువుతున్నారు, కళ్లద్దాల షాపులో పవర్ కూడా చూపించాం, ఇంకా డాక్టర్ ఎందుకు అని అడిగారు కదా. అవసరమేనండి. షాపులో చూసేది పవర్ ఒక్కటే, షుగర్ దెబ్బతీసేది కంటి లోపల వెనక పొర, అంటే రెటీనాలోని సన్న రక్తనాళాల్ని, అది బోర్డు మీద అక్షరాలు చదివిస్తే తెలిసేది కాదు.

మా మావయ్యగారు ఇక్కడే చెన్నైలో మాతో ఉంటారు, ఆయనదీ ఇదే వాదన, కుర్చీలోంచి లేవకుండానే గోడ మీద క్యాలెండర్లో రాహుకాలం చదివి వినిపించేవారు. తీరా చూపిస్తే కుడికంట్లో అక్కడక్కడా రక్తపు చుక్కలు, మధ్య భాగానికి దగ్గర్లో వాపు. నొప్పి లేదు, మసక లేదు, ఏమీ లేదు! షుగర్, బీపీ అదుపులో పెట్టి మళ్లీ రమ్మన్నారు, తర్వాత వాపు పెరిగిందని ఇంజెక్షన్ ఇచ్చారు. కంట్లో సూది అనగానే బెదిరిపోయారు గానీ ముందు మత్తు చుక్కలు వేస్తారుగా, కాస్త నొక్కినట్టుంది అంతే అన్నారు బయటికొచ్చి.

పరీక్షకి చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా అరగంట అటూఇటూ కూర్చోబెడతారు, ఆ తర్వాత కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోయినట్టుంటాయి, ఎండ అస్సలు చూడలేరు (మన చెన్నై ఎండ సంగతి చెప్పాలా), అందుకని అమ్మగారిని ఒంటరిగా పంపకండి, నల్లద్దాలు పట్టుకెళ్లండి. ఆ రోజు మావయ్యగారు ఫోన్ చెయ్యంత దూరం చాచి చూసి, లాభం లేక ఆటో బుక్ చెయ్యమని నా చేతికిచ్చేశారు.

టైప్ 2 (ఎక్కువగా పెద్దవాళ్లకి వచ్చే రకం) అయితే షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి చూపించాలి, ఎందుకంటే అది బయటపడక ముందే ఏళ్ల తరబడి ఒంట్లో ఉండొచ్చు. టైప్ 1 (ఇన్సులిన్ తప్పనిసరైన రకం) వాళ్లకి మొదలైన అయిదేళ్లలోపు. షుగర్ ఉన్నవాళ్లు గర్భంతో ఉంటే మొదటి నెలల్లోనే. లోపల తేడా ఉంటే ఎన్నాళ్లకి రావాలో డాక్టరే చెప్తారు.

ఎగ్మోర్ ప్రభుత్వ కంటాసుపత్రి ఉంది, 1819 నాటిది, లేదంటే నుంగంబాక్కంలో శంకర నేత్రాలయ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, వాడే మాత్రల చీటీ తీసుకెళ్లండి. ఈలోగా కంటి ముందు ఉన్నట్టుండి నల్లమచ్చలు తేలినా, తెర పడినట్టున్నా అపాయింట్‌మెంట్ అనుకుంటూ ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లిపోండి.