బరువు మిషన్ దగ్గర నిలబడే అమ్మాయికి

చిట్టికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆస్ట్రేలియాలో, డీకిన్ యూనివర్సిటీ వాళ్ల గ్లోబ్ సెంటర్‌లో. ఊబకాయం మీద పనిచేసే చోటు, ఇదివరకు గ్లోబల్ ఒబేసిటీ సెంటర్ అనేవారు. మొదట్లో స్కూళ్లకు తిరిగి పిల్లల ఎత్తూ బరువూ కొలిచే టీమ్‌లో వేశారట. "అంత చదివించింది తూకాలు వెయ్యడానికా" అని మీ నాన్న నొచ్చుకున్నాడని కూడా చెప్పింది. నాన్నతో నేను మాట్లాడతాలే. ఇరవై ఎనిమిదేళ్లు పోషకాహార సర్వేల్లో ఊరూరా తిరిగి ఇదే పని చేసినదాన్ని కాబట్టి, నీకు కొన్ని విషయాలు రాయాలనిపించింది.

అక్కడ డైటీషియన్లు ఉంటారు, లెక్కలు కట్టే స్టాటిస్టిక్స్ వాళ్లుంటారు, ఏ పథకానికి ఎంత ఖర్చవుతుందో చూసే ఎకనామిక్స్ వాళ్లు, ప్రభుత్వంతో మాట్లాడేవాళ్లు, కౌన్సిళ్లతో కలిసి పనిచేసేవాళ్లు ఉంటారు. వాళ్లందరి పనీ చివరికి నువ్వు కాగితం మీద రాసే అంకె మీద నిలబడుతుంది. ఈ మాట నిన్ను ఉబ్బించడానికి చెప్పడం లేదు. కొలాక్ సంగతి చదివితే నీకే తెలుస్తుంది.

కొలాక్ అనేది అక్కడి విక్టోరియా రాష్ట్రంలో, జీలాంగ్ నగరానికి పడమట ఉన్న చిన్న పట్నం. 2003 నుంచి 2006 వరకు డీకిన్ వాళ్లు ఊరివాళ్లతో కలిసి అక్కడి పిల్లల తిండి, ఆటలు, స్కూలు క్యాంటీన్ల మీద పనిచేశారు. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలు. చుట్టుపక్కల ప్రాంతం పిల్లలతో పోల్చి చూస్తే కొలాక్ పిల్లలు సగటున దాదాపు ఒక కిలో తక్కువ పెరిగారు, నడుము చుట్టుకొలత మూడు సెంటీమీటర్లు తక్కువ పెరిగింది. అన్నేళ్ల కష్టానికి దక్కిన తేడా ఒక్క కిలో. చలికాలంలో పిల్లవాడి కోటూ బూట్లూ కలిపితే అంతకు తక్కువ ఉండవు. ఒక ఊళ్లో కోటు విప్పించి, ఇంకో ఊళ్లో తొందరలో అలాగే మిషన్ ఎక్కించావనుకో, ఆ తేడా ఎవరికీ కనబడకుండా పోతుంది.

అందుకని పొద్దున్నే మిషన్ మీద తెలిసిన బరువు పెట్టి సరిచూసుకో. నేల సమంగా ఉందో లేదో చూడు, కార్పెట్ మీద పెట్టకు. ఎత్తు కొలిచేటప్పుడు మడమలు గోడకు ఆనాలి, జడ బిగించి పైకి కట్టి ఉంటే వదులు చేయించాలి, కంటి గూడు కింది అంచూ చెవి రంధ్రం పై అంచూ ఒకే అడ్డగీతలో ఉండాలి. పిల్లలు గడ్డం పైకెత్తుతారు, పొడుగ్గా కనబడాలని. మెల్లగా సరిచెయ్యి. ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే బీఎంఐలో, కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తాం కదా, అందుకే ఎత్తులో తప్పు పెద్దదవుతుంది. ముప్ఫై కిలోల పిల్ల ఎత్తు 130 సెంటీమీటర్లయితే బీఎంఐ 17.8, నువ్వు 128 అని రాస్తే 18.3 అయి కూర్చుంటుంది. రెండుసార్లు కొలువు, రెండూ కలవకపోతే మూడోసారి కొలువు. మధ్యాహ్నం నాలుగింటికి అలసిపోయినప్పుడు కూడా.

ఇది చేతికి నెల రోజుల్లో వస్తుంది. నాకు చాలా ఆలస్యంగా వచ్చింది వేరొకటి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడి వరండాలో పిల్లల్ని లైన్లో నిలబెట్టి తూచేవాళ్లం. నేను అంకె గట్టిగా చదివితే పక్కన ఒకాయన రాసుకునేవాడు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి మిషన్ ఎక్కింది, నేను చదివాను, లైన్లో ఎవడో ఒక మాట అన్నాడు, అందరూ నవ్వారు. ఆ మాట ఇక్కడ రాయను. మరుసటి ఏడు మళ్లీ అదే బడికి వెళ్తే, మేం వస్తున్నామని తెలిసి ఆ పిల్ల రెండు రోజులు బడి మానేసిందని టీచరమ్మ చెప్పింది. మా రికార్డులో "గైరుహాజరు" అని పడింది. ఎందుకు రాలేదో నాకొక్కదానికే తెలుసు. ఇప్పటికీ ఆ పిల్ల మొహం గుర్తుంది.

ఆ రోజు నుంచి అంకె నోటితో చదవలేదు. చాటుగా దుప్పటి కట్టించాను, ఒక్కొక్కరినే పిలిచాను, మిషన్ అంకెలు పిల్లకు కనబడకుండా తిప్పి పెట్టాను. నువ్వూ అలాగే చెయ్యి, సెంటర్‌లో పద్ధతి ఉంటే ఇంకా గట్టిగా పాటించు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా, మిషన్ ముందు నిలబడి పిల్ల వద్దంటే వద్దనే. బతిమాలకు, చాక్లెట్ ఆశ పెట్టకు. "పర్లేదమ్మా, క్లాసుకు వెళ్లు" అను. ఒక అంకె పోతే పోయింది. "బాగున్నావు", "సన్నగా ఉన్నావే" లాంటి మెచ్చుకోళ్లు కూడా వద్దు, వెనక నిలబడ్డ పిల్ల అవీ వింటుంది.

కొలాక్ ఫలితాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. బరువు ఒక్కటే చూసి ఊరుకోలేదు వాళ్లు. పిల్లలు మరీ సన్నబడిపోతున్నారా, బరువు తగ్గాలని తంటాలు పడుతున్నారా అని కూడా చూశారు. పోల్చి చూసిన పిల్లలకూ వీళ్లకూ ఆ విషయంలో తేడా రాలేదు. మనం చేసిన పనివల్ల ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగి చూసుకునేవాళ్ల దగ్గర పనిచేయబోతున్నావు, నాకు సంతోషంగా ఉంది.

తిండి మీద అదుపు లేకే లావయ్యారని నీకు చాలామంది చెప్తారు, చదువుకున్నవాళ్లే చెప్తారు. నేను చేరినప్పుడు మేం వెతికింది బక్కచిక్కిన పిల్లల్ని. రిటైరయ్యేనాటికి అవే ఊళ్లలో షుగరూ, బీపీ, మోకాళ్ల నొప్పులూ. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారని తేలింది. ఒక తరంలో ఇంతమందికి ఒకేసారి బద్ధకం పుట్టుకొచ్చిందా? నాట్లకు వంగే నడుములు తగ్గాయి, బడి పక్కన కొట్టు నిండా ప్యాకెట్లు వేలాడుతున్నాయి, సాయంత్రం ఆడుకునే ఖాళీ జాగాలో ఇళ్లు లేచాయి. మీ సెంటర్ పనికి పునాది వేసినవాళ్లలో ఒకరైన బాయ్డ్ స్విన్‌బర్న్ 1999లోనే తోటివాళ్లతో కలిసి ఈ మాటే రాశారు: మనిషిని లావు చేసే పరిసరాలను ముందు పట్టించుకోవాలని. అది చదివి వెళ్లు.

తర్వాత నిన్ను ఊరి మీటింగులకు కూడా పంపుతారు. ప్రిన్సిపాళ్లు, కౌన్సిల్ వాళ్లు, ఆటల క్లబ్బు వాళ్లు కూర్చుని ఏది దేనివల్ల జరుగుతోందో బాణాలు గీసి మ్యాపు వేస్తారు. అక్కడ నువ్వు ముందు మాట్లాడకు. క్యాంటీన్‌లో పనిచేసే ఆవిడ మూల కూర్చుని ఉంటుంది చూడు, ఆవిడను అడుగు. నాకు అంగన్‌వాడీ ఆయాలు చెప్పినంత ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. మన తెలుగువాళ్ల ఇళ్లకు భోజనానికి పిలిస్తే వెళ్లు, పెట్టింది తిను. ఊబకాయం మీద పనిచేస్తున్నావని తెలియగానే ఎవరో ఒకరు తమ పిల్లను ముందుకు తోసి "కాస్త చెప్పమ్మా దీనికి" అంటారు. ఆ పిల్ల ముందు ఏమీ చెప్పకు. స్కూలు సంగతులు అడుగు.

చలికి స్వెటర్ పెట్టుకున్నావా? మొదటి స్కూలు నుంచి వచ్చిన రోజు రాత్రి ఎంత ఆలస్యమైనా నాకు ఫోన్ చెయ్యి. ఎంతమందిని కొలిచావో వద్దు, ఎవరైనా వద్దన్నారా, నువ్వేమన్నావు, అది చెప్పు.

నీ
పెద్దమ్మ