టెక్ సందేహాలు: ‘క్యాష్’ క్లియర్ చేస్తే డబ్బులు పోతాయా?

‘ఈ ఇంగ్లీషు మాటకి అర్థం ఏటండీ’ అంటూ మెయిళ్లు నాకెందుకొస్తాయో మొదట్లో తెలిసేది కాదు. నేనేమీ ఇంగ్లీషు మాస్టార్ని కాదు. వారం వారం అవే వస్తుంటే అప్పుడు తెలిసింది. నిఘంటువులో దొరికే అర్థం వేరు, ఫోన్లో ఆ మాట నొక్కితే జరిగే పని వేరు. అడుగుతున్నది ఆ రెండోదాని గురించి.

పొందూరు నుంచి ఒక గృహిణి: ‘ఫోను నెమ్మదించిందంటే క్యాష్ క్లియర్ చెయ్యమన్నాడు మా అబ్బాయి. బ్యాంకు యాప్‌కి కూడా ఆ బటన్ ఉంది. నొక్కితే డబ్బులు ఏటైపోతాయోనని భయమేసి మానేశాను.’

నవ్వకండెవరూ. ఇంగ్లీషులో ఈ మాటా, డబ్బు అనే మాటా ఒకేలా పలుకుతాయి. అక్కడ కనీసం స్పెల్లింగులో తేడా ఉంటుంది, తెలుగులో రాస్తే అదీ ఉండదు. ఈ క్యాష్ ఫ్రెంచి మాట, దాచిపెట్టడం అని అర్థం. యాప్ మాటిమాటికీ వాడే బొమ్మలూ పేజీలూ చేతికందేలా దాచుకునే గూడు అది. ఖాళీ చేస్తే మీ డబ్బుకేమీ కాదు, అది బ్యాంకులో ఉంది. ఫోనుకి వేగమూ పెద్దగా రాదు, నాలుగు రోజుల్లో ఆ గూడు మళ్లీ నిండుతుంది.

జాగ్రత్త పడాల్సింది దాని పక్క బటన్‌తో. ‘క్లియర్ డేటా’ అనో ‘క్లియర్ స్టోరేజ్’ అనో ఉంటుంది. అది నొక్కితే యాప్ కొత్తగా వేసినట్టు అయిపోతుంది. లాగిన్ పోతుంది, రిజిస్ట్రేషన్ మొదట్నుంచీ చేసుకోవాలి. ఆ రెండు బటన్లూ ఒకే సైజు, ఒకే రంగు, పక్కపక్కనే. ఉప్పు డబ్బా, వంటసోడా డబ్బా ఒకే మూతతో ఒకే అరలో పెట్టినట్టు. ఇలా గీసినవాళ్లు ఒక్కసారైనా వాళ్లమ్మ చేత నొక్కించి చూశారా అని నా అనుమానం.

చీపురుపల్లి కిరాణా వ్యాపారి: ‘బ్యాంకు మెసేజిలో క్రెడిటెడ్ అంటే జమ. క్రెడిట్ కార్డంటే అప్పు. ఒకే మాటకి రెండు అర్థాలా?’

అర్థం ఒకటే, బాకీ పడిన మనిషే వేరు. నమ్మి అప్పగించినది అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. మీరు బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకు మీకు పడిన బాకీ, కార్డు మీద గీకింది మీరు బ్యాంకుకి పడిన బాకీ. మీ అరువు ఖాతా పుస్తకం బోర్లించి చూడండి, తెలిసిపోతుంది. అయితే ‘క్రెడిటెడ్’ అని ఎస్సెమ్మెస్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు, అలాంటి మెసేజి ఎవడైనా రాసి పంపగలడు. ఖాతాలో నిల్వ చూసుకున్నాకే సరుకు ఇవ్వండి. మనుషుల మధ్య యూపీఐ ‘కలెక్ట్ రిక్వెస్ట్’, అంటే ఇంత డబ్బు ఇమ్మని అడిగే మెసేజి, పంపే వీలుని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి తీసేసింది. ‘ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు వస్తుంది’ అనేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

ఇక నాకు నిద్రపట్టనివ్వని ఉత్తరం. టెక్కలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: ‘మనవరాలి కోసం ఎవరో వాట్సాప్‌లో పంపిన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ యాప్ వేశాను. యాక్సెసిబిలిటీ అలౌ చెయ్యమంది. ఆ మాట అందులోనే వెతికితే సులభంగా అందుబాటులో ఉండడం అని చూపించింది. మంచిదే కదా అని నొక్కీసినాను.’

మాస్టారూ, మీరు చూసిన అర్థం తప్పు కాదు. కానీ ఫోన్లో ఆ మాట చూపు సరిగా లేనివాళ్ల కోసం, చేతులు సహకరించనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం పేరు. తెరమీదున్నది చదివి వినిపించాలన్నా, వాళ్ల బదులు బటన్ నొక్కాలన్నా ఆ యాప్‌కి మొత్తం తెర కనబడాలి. ఆ అధికారమే ఇప్పుడు మీ డిక్షనరీకి ఇచ్చారు. మీరు బ్యాంకు యాప్ తెరిస్తే అది చూడగలదు, వచ్చిన ఓటీపీ చదవగలదు, మీరు నిద్రపోతుంటే తనంతట తాను నొక్కగలదు. మాట మీద వేలు పెట్టగానే అర్థం చూపించడానికి అడుగుతున్నామని కొన్ని యాప్‌లు అంటాయి. నిజమే కావచ్చు. నేనైతే ఇవ్వను. పైగా మీది వాట్సాప్‌లో వచ్చిన ఫైలు. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా అంటూ తిరిగే మోసపు ఫైళ్లదీ ఇదే దారి. ఇలా బయట నుంచి వేసినవాటికి ఈ అనుమతి తేలిగ్గా దక్కకుండా 2022లో ఆండ్రాయిడ్ 13లో ఒక అడ్డు పెట్టారు. దాన్నెలా దాటాలో కూడా ఆ పంపినవాడే చెబుతాడు.

ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాని స్విచ్ ఆఫ్ చేయండి, ఆ తర్వాత యాప్ తీసేయండి. స్విచ్ దానంతటదే ఆన్ అవుతున్నా, యాప్ పోనంటున్నా ఫోనుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాల్సిందే, అంటే అందులో ఉన్నదంతా తుడిచి కొత్త ఫోనులా చేయడం. బ్యాంకు పాస్‌వర్డు, పిన్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో తేడా కనబడితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గర ఒక సెల్ షాపులో నిలబడి చూశాను. ఒక ముసలావిడ కొత్త ఫోను సెట్ చేస్తున్నాడు కుర్రాడు. అలౌ, అలౌ, అలౌ, లెక్కపెడితే తొమ్మిది. ‘ఏటి నొక్కినావు బాబూ’ అందావిడ. ‘ఏటీ నేదు మామ్మా, ఓకే కొట్టాను’ అన్నాడు. అందులో ఒకటి ఆవిడ ఫోన్ నంబర్లన్నీ ఒక ఆటల యాప్‌కి ఇచ్చేయడం.

తెలుగులో పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టి చూశాను. ఒక ఫోన్లో యాక్సెసిబిలిటీకి ‘ప్రాప్యత’ అని ఉంది. అది ఇంట్లో చదివి వినిపిస్తే, ప్రాప్తమా అనడిగారు. శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గ్రాంథికంతో జీవితమంతా పోట్లాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా సభలు పెట్టి దండలు వేస్తాం. ఆ గ్రాంథికం బడి పుస్తకాల్లోంచి పోయి ఫోన్లో దూరింది. ‘ఈ యాప్ మీ ఫోన్లో కనబడేదంతా చదువుతుంది, ఇవ్వాలా వద్దా’ అని రాయడానికి ఏం రోగం? ఒక్క వాక్యం. అలా రాస్తే మాస్టారు నొక్కేవారా?

చోటు అయిపోతోంది. విజయనగరం డిగ్రీ విద్యార్థి ‘ప్రిపోన్’ (అనుకున్న రోజుకంటే ముందుకి జరపడం) అని టైపు చేస్తే ఎర్రగీత పడుతోందట, లెక్చరర్ కూడా తప్పన్నారట. తప్పు కాదు, మనవాళ్లు రోజూ వాడే మాటే, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. మీ కీబోర్డు భాష అమెరికా ఇంగ్లీషులో ఉన్నట్టుంది, ఇండియా ఇంగ్లీషుకి మార్చి చూడండి. గీత అప్పటికీ పోకపోతే ఆ మాట మీద వేలుంచి నిఘంటువుకి జోడించండి. గ్రామర్ దిద్దే కొత్త కీబోర్డు వేసుకోమంటారా అని కూడా అడిగారు. ఆన్ చేసేటప్పుడు, మీరు టైపు చేసేదంతా, పాస్‌వర్డులతో సహా, ఇది సేకరించవచ్చని ఫోనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక మటుకు ఓకే కొట్టకుండా పూర్తిగా చదివి, అప్పుడు నాకు రాయండి.