కడప నుంచి ఒక్క రోజులో ఒంటిమిట్ట, సిద్ధవటం, గండికోట: చీకటి పడకుండా చూడాలంటే

కడప నుంచి ఈ మూడు చోట్లనూ ఒక్క రోజులో చూడబోతే గండికోట చేరేసరికి చీకటి పడుతోందని చాలామంది అంటుంటారు, దానికి కారణం దారి వరుసే. ఒంటిమిట్ట, సిద్ధవటం కడపకు తూర్పున ఉండగా, గండికోట వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. కనుక మధ్యలో మళ్ళీ కడప మీదుగానే రావలసి ఉంటుంది.

1. తెల్లవారుజామునే బయలుదేరి మొదట ఒంటిమిట్ట కోదండరాముని దర్శించుకోండి. పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం కోటను తిరుగుదారిలో చూడండి.

2. చాలామంది మరచిపోయేది కారు బాడుగ మాట్లాడే తీరు. "గండికోటకు పోయి రావాలి" అని మాత్రమే చెబితే, దారి మళ్ళిన ప్రతిచోటా డ్రైవరుతో వాదన వచ్చి, గంటలు అక్కడే కరిగిపోతాయి. మూడు ఊళ్ళనూ వరుసగా చెప్పి, మొత్తం 200 కిలోమీటర్లు దాటుతుందని ముందే తెలియజేసి, కిలోమీటర్ల లెక్క కారు ఉండే షెడ్డు నుంచా, మీ ఇంటి నుంచా, వెయిటింగుకూ బత్తాకూ (డ్రైవరు రోజు ఖర్చుకు) ఎంత అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి.

3. మధ్యాహ్న భోజనం జమ్మలమడుగులో ముగించుకోండి. గండికోటలో మాధవరాయస్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూసి, పెన్న లోయ దగ్గరకు వెలుతురు ఉండగానే చేరండి; అక్కడ బండల అంచులకు పిల్లలను ఒంటరిగా పంపకండి.