ఒకే బాండలిలో చికెనూ కూరగాయలూ

ప్రశ్న: అక్కా, నేను కావలిలో రూమ్ తీసుకోని ఉంటుండా. సింగిల్ స్టవ్, ఒక్కటే బాండలి. డ్యూటీ అయ్యి వచ్చేసరికి రాత్రి 8:30 అవుద్ది. చికెన్, ఉర్లగడ్డ, క్యారెట్, క్యాప్సికం అన్నీ ఒకేసారి వేసి మూత పెడితే పనైపోద్ది గదా అని రెండుసార్లు చేశా, రెండుసార్లూ నీళ్లు నీళ్లే, ఉర్లగడ్డేమో పలుగ్గా ఉండాది, క్యాప్సికం గుజ్జయిపోయింది. ఎక్కడ తప్పు చేస్తుండా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ముందు ఆ మూత తీసి పక్కన పెట్టు నాయనా. బ్రాయిలర్ చికెన్ సెగ తగలంగానే నీళ్లు వదులుద్ది, పైన మూతుంటే అవి పోయే దారిలేక ముక్క వాటిల్లోనే ఉడికిపోద్ది, ఇంక వేగేదెక్కడ. టమాటా కూడా మొదట్లోనే వేసుంటావు, నువ్వు రాయలేదు గానీ నాకు అనుమానం. పులుపు తగిల్తే ఉర్లగడ్డ ఒక పట్టాన మెత్తబడదు, ఇంట్లో పులుసు పెట్టేటప్పుడు ముక్కలు ఉడికినాకే చింతపండు రసం పోస్తారే, అందుకే.

500 గ్రాముల చికెన్ చిన్న ముక్కలు కొట్టించుకో. 2 ఉర్లగడ్డలు రేగ్గాయంత ముక్కలు చెయ్యి, 1 క్యారెట్, 1 క్యాప్సికం, 2 ఎర్రగడ్డలు, 1 టమాటా. చికెన్‌కి పసుపు, ఉప్పు మాత్రం పట్టించు, కారం ఇప్పుడే వేస్తే నూనెలో నల్లగా మాడిపోద్ది. బాండలి బాగా కాలినాక 3 స్పూన్ల నూనె పోసి చికెన్ రెండు వాయిలుగా వెయ్యి, ఒక్కసారే కుమ్మరించబాకు. ఒక పక్క 3, 4 నిమిషాలు కదపకుండా వదిలేసి తిప్పు, రెండో పక్కా అట్టనే ఎర్రబడితే గిన్నెలోకి తీసెయ్, లోపల పచ్చిగా ఉన్నా ఏం కాదు, మళ్లీ ఉడికేదే గదా. (ఆ గిన్నె కడక్కుండా అందులోనే అన్నం పెట్టుకోబాకు.)

అదే నూనెలో ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ పేస్టు వేసి, అడుగున అంటుకుంది చూడు, దాన్ని గరిటెతో గీకు. మాడిందని కడిగేసేవు, రుచంతా దాంట్లోనే ఉండాది. ఉర్లగడ్డ, క్యారెట్, ఒక టీ గ్లాసు నీళ్లు వేసి ఇప్పుడు పెట్టు నీ మూత, సన్న సెగ మీద 8 నిమిషాలు. గరిటె అంచు ఉర్లగడ్డలో దిగితే అప్పుడు చికెన్, టమాటా, కారం, ధనియాల పొడి, మళ్లీ మూత, ఇంకో 12 నిమిషాలు. ఆఖర్లో మూత తీసి క్యాప్సికం వేసి మంట పెంచి నీళ్లు ఇగరనియ్. పెద్ద ముక్క ఒకటి విరిచి చూడు, ఎముక దగ్గర ఇంకా పచ్చిగా ఉంటే మరో 5 నిమిషాలు.

ప్రశ్న: వంకాయ, మునక్కాయ కూడా వేసుకోవచ్చా? చికెన్లో కూరగాయలేందని మా అత్తగారు నవ్వుతుంది.
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మునక్కాయ ఉర్లగడ్డతో పాటు వెయ్యమ్మా. వంకాయ ఉప్పు నీళ్లలో తరిగి పెట్టుకోని చికెన్ తిరిగి వేసేటప్పుడు వెయ్యి, ముందేస్తే కనపడదు. అత్తగారికి మునక్కాయ ముక్కలు రెండెక్కువ వడ్డించు.

ప్రశ్న: మిగిల్తే పొద్దున క్యారియర్‌కి పనికొస్తదా?

జవాబు: వస్తది. కానీ దించిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, మన మే నెల ఎండల్లో అయితే గంటలోపే. పొద్దున పొగలొచ్చేదాకా వేడి చెయ్, గోరువెచ్చగా చేసి సరిపెట్టబాకు. ఫ్రిజ్ లేకపోతే 250 గ్రాములే తెచ్చుకో.