చెల్లి పెళ్లయ్యేదాకా ఓర్చుకోవాలా?

ఆస్ట్రేలియా నుంచి ఒక సోదరి రాశారు. భర్త చెయ్యి చేసుకున్న మర్నాడల్లా జ్వరమని చెప్పి సిక్ లీవ్ పెట్టారట, అవి అయిపోయాయట. గృహహింసకు వేరే సెలవు ఉందని విన్నారు. పెడితే పేస్లిప్‌లో పడుతుందా, అది చూసి ఆయన మళ్లీ గొడవ చేస్తాడా అని భయం.

పడదు. ఆ మాట పేస్లిప్ మీద కనపడకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. ఏడాదికి 10 రోజులు, జీతంతోనే. 2023 నుంచి పార్ట్‌టైమ్, క్యాజువల్ వాళ్లకు కూడా ఉంది. చేరిన మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. కోర్టుకో పోలీసుల దగ్గరికో వెళ్లడానికి, ఇల్లు మారడానికి, కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది. ఆధారం అడిగితే మీరు రాసిచ్చే స్టాట్యుటరీ డిక్లరేషన్, అంటే చెప్పింది నిజమని చట్టప్రకారం సంతకం చేసిన కాగితం కూడా చెల్లుతుంది. మేనేజర్‌కు దెబ్బల కథంతా చెప్పనక్కర్లేదు. ఇక జ్వరమని అబద్ధాలు మానేయండి.

మీ అసలు చిక్కు ఆఫీసులో లేదమ్మా, మీ అమ్మగారి దగ్గర ఉంది. పోయినసారి మీరు ఫోన్‌లో ఏడిస్తే ఆవిడ వెంటనే అల్లుడికి ఫోన్ చేసి, 'బాబూ, దాని మాటలు మనసులో పెట్టుకోకండి' అన్నారట. ఆ రాత్రి ఇంకా ఎక్కువ కొట్టాడని మీరే రాశారు, అదీ ఏదో మామూలు సంగతిలా. నాకు ఆ ముక్క చదివాక మీ పేస్లిప్ గుర్తులేదు.

ఆవిడ చెడ్డవారని అనను. చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు, నలుగురూ ఏమంటారోనని బెంగ. కానీ అక్క కాపురం చూసి వెనక్కెళ్లే సంబంధం వెళ్లిపోతేనే మీ చెల్లికి మేలు. తల్లికి గౌరవం ఇవ్వండి, మందులకు డబ్బు పంపండి. మీ ఒంటిమీది దెబ్బల లెక్క మాత్రం ఆవిడకు అప్పజెప్పకండి. ఆవిడకు చెప్పిందల్లా మీ ఆయనకు చెప్పినట్టే.

కాబట్టి లీవ్ ఏ రోజు పెడుతున్నారో, ఎక్కడికి వెళ్తున్నారో అమ్మకు చెప్పొద్దు. అడిగితే 'బాగానే ఉన్నానమ్మా' అనండి. ఆ ఒక్క అబద్ధానికి నా అనుమతి ఉంది. ఆఫీసు ఫోన్ నుంచి గృహహింస హెల్ప్‌లైన్ 1800 737 732కు చేయండి, అది రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడాలంటే దుబాసీని అడగండి. ఆయన చెయ్యెత్తిన క్షణంలో అయితే అత్యవసర నంబరు 000. చెల్లితో మాత్రం మీరే మాట్లాడండి, అమ్మ ద్వారా కాదు.