ఛార్జ్ అన్న ఒక్క మాటకి ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

ఫోన్‌కి ఛార్జింగ్ పెడతాం, బస్సు ఛార్జీ ఇస్తాం, పోలీసులు ఛార్జ్‌షీట్ వేస్తారు, లాఠీఛార్జ్ చేస్తారు, కొత్త కలెక్టర్ ఛార్జ్ తీసుకుంటారు. వీటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉందా, తెలుగులో దీనికి సరైన మాట ఏది అని అడిగారు. ఆఫీసు కాగితాలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి రాసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి ఈ మాట నాకు రోజూ తగులుతుంది. కానీ దీని సంగతి నాకు మొదట తెలిసింది ఇంట్లోనే.

1998లో మా నాన్నగారు ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. సూపరింటెండెంట్ ఆ నెలే రిటైరయ్యారు. కొత్తవారు వచ్చేదాకా నాన్ననే ఇన్‌ఛార్జిగా ఉంచుతారని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. నాన్న జ్వరంతో సెలవులో ఉండగా అటెండర్ ఒక కవరు తెచ్చాడు. నాన్న మంచం మీద నుంచే సంతకం పెట్టి, కవరు తలగడ పక్కన పెట్టుకుని మళ్ళీ నిద్రపోయారు. మా బాబాయి దాన్ని విప్పి, పైన ఉన్న ఛార్జ్ అన్న మాట చూసి, "వదినా, అన్నయ్యకి ఛార్జ్ ఇచ్చారు" అన్నాడు. అమ్మ పరవాన్నం వండింది. సాయంత్రం లేచాక నాన్న కాగితం మొత్తం చదివారు. అది ఛార్జ్ మెమో. ఒక ఫైలు విషయంలో ఆయన మీద అభియోగాలు ఉన్నాయనీ, పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలనీ అందులో ఉంది. ఆయన పరవాన్నం తిని, గిన్నె కడిగి పెట్టి, ఆ తర్వాతే అమ్మతో చెప్పారు. ఏడాదిన్నర విచారణ జరిగి, అభియోగాలు రుజువు కాలేదని తేలింది. అప్పుడు తొమ్మిదో క్లాసులో ఉన్న నాకు మాత్రం ఒకటే ప్రశ్న మిగిలిపోయింది. పెత్తనం ఇవ్వడానికీ, తప్పు పట్టడానికీ ఒకే మాట ఎలా వాడతారు?

జవాబు చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. లాటిన్‌లో బండిని కారస్ అనేవారు. దాని నుంచి బండికి సరుకు ఎత్తడం అనే అర్థంలో ఒక క్రియ పుట్టింది. అది పాత ఫ్రెంచిలోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి ఛార్జ్‌గా వచ్చింది. కారు, కార్గో, క్యారీ అన్నీ ఆ కుటుంబంలోవే. అంటే ఛార్జ్ అసలు అర్థం బరువు, లేదా బరువు ఎత్తడం. పెత్తనం ఇవ్వడమంటే ఒక పని బరువు భుజాన పెట్టడం. తప్పు పట్టడమంటే ఒక నేరం బరువు నెత్తిన పెట్టడం. నాన్న విషయంలో మేము అనుకున్నదీ, జరిగిందీ రెండూ బరువులే.

ఇది చదివిన రోజు నాకు మన మాటే ఒకటి గుర్తొచ్చింది: మోపు. పొలం నుంచి నెత్తిన పెట్టుకొచ్చేది గడ్డిమోపు, కట్టెలమోపు. అదే మాటతో "నేరం మోపారు", "పన్నుల భారం మోపారు", "కేసు మోపారు" అంటాం. పడ్డవాడు నింద మోస్తాడు. ఇంటి పెద్ద సంసార భారం మోస్తాడు. లాటిన్‌తో ఏ సంబంధమూ లేని మన భాష కూడా నెత్తిమీద బరువు నుంచే నేరానికీ, పన్నుకీ, బాధ్యతకీ మాటలు తెచ్చుకుంది. కాబట్టి తెలుగులో సరైన మాట ఏది అన్న మీ ప్రశ్నకి, అన్నిచోట్లా సరిపోయే మాట లేదు గానీ దాని తోబుట్టువు లాంటి మాట మాత్రం ఉంది అని చెప్తాను. బ్యాంకువాళ్ళు ఆస్తి మీద ఛార్జ్ ఉందంటే అప్పుకి ఆ ఆస్తి హామీగా ఉందని. మన దస్తావేజుల్లో "ఎటువంటి భారములు లేవు" అని రాస్తారు చూడండి, అక్కడ భారం ఎంత చక్కగా కుదిరిందో.

డబ్బు దగ్గర సమానార్థకాల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. మనం బస్సు ఛార్జీ అంటాం గానీ ఇంగ్లీషులో ప్రయాణానికి ఇచ్చేది ఫేర్. డాక్టరుకీ, లాయరుకీ, కాలేజీకీ ఇచ్చేది ఫీజు. రోడ్డుకీ వంతెనకీ టోల్. ఛార్జ్ అనేది ఎక్కువగా ఒక సేవకి తీసుకునేది: డెలివరీ ఛార్జ్, సర్వీస్ ఛార్జ్. తెలుగులో మాట్లాడేటప్పుడు ఛార్జీ అంటే ఎవరికైనా అర్థమవుతుంది, మార్చాల్సిన పనిలేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం బస్ ఛార్జెస్ అని కాకుండా బస్ ఫేర్ అని రాయండి.

కోర్టు మాటల దగ్గర పొరపాటు జరిగితే మనుషులకి నష్టం జరుగుతుంది, అందుకే ఇది వివరంగా చెప్తాను. అక్యూజ్‌కి ఛార్జ్ సమానార్థకమని చాలామంది రాస్తారు. కానీ ఎవరైనా ఎవరినైనా అక్యూజ్ చేయవచ్చు. పక్కింటావిడ కూడా చేయవచ్చు. అది ఆరోపణ. ఛార్జ్ చేయాలంటే అధికారం ఉండాలి. అది అభియోగం. మళ్ళీ ఛార్జ్‌షీట్ వేరు, ఛార్జ్ వేరు. దర్యాప్తు పూర్తయ్యాక పోలీసులు కోర్టుకి ఇచ్చే నివేదికనే జనం ఛార్జ్‌షీట్ అంటారు. చట్టంలో దాని పేరు పోలీస్ రిపోర్టు. ఆ తర్వాత జడ్జి దాన్నీ, సాక్ష్యాధారాలనూ చూసి, విచారణ జరపడానికి తగిన ఆధారం ఉందనుకుంటేనే అభియోగాలు నమోదు చేస్తారు. లేదనుకుంటే నిందితుడిని డిశ్చార్జ్ చేస్తారు, అంటే నెత్తిన పెట్టబోయిన మోపుని అక్కడే దింపేస్తారు. ఛార్జ్‌షీట్ పడిందన్న వార్త చూడగానే నేరం రుజువైపోయినట్టు మాట్లాడుకునే ఇళ్ళు నాకు తెలుసు. నాన్న మెమో సంగతి తెలిశాక మా వీధిలోనూ కొందరు అలాగే మాట్లాడారు. విభక్తి విషయం కూడా గుర్తుంచుకోండి: దొంగతనం నేరం మోపితే ఛార్జ్‌డ్ విత్, డబ్బు తీసుకుంటే ఛార్జ్‌డ్ ఫర్, ఆరోపణ చేస్తే అక్యూజ్‌డ్ ఆఫ్.

ఇన్‌ఛార్జి అన్నది మన ఆఫీసుల్లో తాత్కాలికం అనే అర్థం తెచ్చుకుంది. ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ అంటే అసలు ప్రిన్సిపాల్ ఇంకా రాలేదని. బయటి దేశాల ఇంగ్లీషులో ఆ ఛాయ ఉండదు, పూర్తి బాధ్యత ఉన్నవారనే అర్థం. బయోడేటాలో రాసేవాళ్ళు ఇది గమనించాలి.

ఫోన్ ఛార్జింగ్‌కి దారి తుపాకి గుండా వచ్చింది. తుపాకిలో మందు దట్టించడాన్నీ ఛార్జ్ అనేవారు. 1740ల్లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కరెంటు నిలవచేసే గాజు జాడీలతో ప్రయోగాలు చేస్తూ, జాడీలో కరెంటు నింపడానికి ఆ మాటే వాడాడు. అలాంటి జాడీల వరసకి బ్యాటరీ అన్న పేరు కూడా ఫిరంగుల వరస నుంచే తీసుకున్నాడు. మనం తెలుగు మీడియంలో దాన్ని విద్యుదావేశం అని చదువుకున్నాం. సంస్కృతంలో ఆవేశం అంటే లోపలికి ప్రవేశించడం. మోపు దాకా వెళ్ళకపోయినా అది మంచి మాట, నాకు ఇష్టం. లాఠీఛార్జ్‌లో ఉన్నది మీద పడటం అనే అర్థం. ఫ్రెంచిలో ఇప్పటికీ సరుకు ఎత్తడానికీ, శత్రువు మీద పడటానికీ ఒకే క్రియ.

డిశ్చార్జ్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మూడేళ్ళ కిందట అమ్మకి ఆపరేషన్ అయింది. నాలుగో రోజు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు కట్టు వైపు చూపిస్తూ "డిశ్చార్జ్ ఏమైనా అవుతోందామ్మా?" అని అడిగారు. అమ్మ ఇంటికి పంపించడం గురించి అనుకుని, "ఇంకా ఎవరూ ఏం చెప్పలేదండీ, లేదు" అంది. చివరి మాట ఒక్కటే వినబడిందేమో, ఆయన సరేనని తరువాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. కుట్ల దగ్గర అప్పటికే రసి కారుతోంది. నేను సాయంత్రం వెళ్ళి చీర తడిసి ఉండటం చూసి నర్సును పిలిచాను. యాంటీబయాటిక్ మార్చారు, ఇంకో ఆరు రోజులు ఉండాల్సి వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆస్పత్రిలో ఉంటే ఈ మాట వినబడిన ప్రతిసారీ వాళ్ళ పక్కన నిలబడి, "చీము గానీ, రసి గానీ, నీరు గానీ కారుతోందా అని అడుగుతున్నారు" అని తెలుగులో చెప్పండి.